దాచిన విమర్శ చేసే అన్యాయం

ఉద్యోగాల్లోనూ పరిశోధన సంస్థల్లోనూ స్త్రీల పనిలోని లోపాన్ని ఎత్తి చూపడం పురుష అధికారికి ఈనాడు ప్రమాదంతో కూడిన పని అయిపోయిందనీ, పురుషాహంకారి అన్న ముద్ర పడకుండా ఉండాలంటే అటువంటి సందర్భాల్లో మాట తగ్గించుకోవడమే వివేకమనీ ఒక అభిప్రాయం చదువుకున్న వర్గాల్లో బలంగా పాతుకుపోయింది. హైదరాబాదు సాఫ్ట్‌వేర్ కార్యాలయాల్లో 'మనకెందుకొచ్చిన గొడవ' అన్న నిట్టూర్పుగానూ, విశ్వవిద్యాలయాల్లో 'ఆ అమ్మాయిని ఏమన్నా అంటే ఇంకో అర్థం తీస్తారు' అని తోటి ఆచార్యులు ఇచ్చుకునే సలహాగానూ వినిపించేది ఈ అభిప్రాయమే. ఇది ఒక్క మన దేశానికి పరిమితమైనది కూడా కాదు; అమెరికాలో లీన్ ఇన్ సంస్థ 2019లో జరిపించిన సర్వేలో, స్త్రీలకు మార్గదర్శనం చేయడం, వారితో ఒంటరిగా కూర్చుని పనిచేయడం వంటి మామూలు వ్యవహారాలు సైతం తమకు ఇబ్బందికరంగా ఉన్నాయని 60 శాతం పురుష మేనేజర్లు చెప్పారు. ఈ భయాన్ని వ్యక్తం చేసేవారిలో అధికులు స్త్రీల ఎదుగుదలను కోరనివారు కారు, సమానత్వాన్ని మనస్ఫూర్తిగా ఒప్పుకునేవారే. వాదంలోని ప్రమాదం కూడా అక్కడే ఉంది, ఎందుకంటే ద్వేషం నుంచి పుట్టిన అన్యాయాన్ని గుర్తుపట్టడం సులభం, మర్యాద నుంచి పుట్టిన అన్యాయాన్ని చేసేవారూ గుర్తించరు, పడేవారూ చాలాకాలం గుర్తించలేరు.

ఈ వాదం మొత్తం ఒక ఊహ మీద నిలబడి ఉంది. చెప్పిన విమర్శ నొప్పించవచ్చు గాని చెప్పని విమర్శ ఎవరికీ ఏ హానీ చేయదన్నదే ఆ ఊహ. స్త్రీ పురుష ప్రస్తావన ఏమాత్రం లేని ఒక కేసులో భారత సుప్రీం కోర్టు 2008లోనే దీన్ని తోసిపుచ్చింది. దేవ్ దత్ కేసుగా ప్రసిద్ధమైన ఆ వ్యాజ్యంలో, సరిహద్దు రహదారుల విభాగంలోని ఒక ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుకు పై పదవి దక్కలేదు. ఆ పదవికి అంతకు ముందు ఐదేళ్ల వార్షిక రహస్య నివేదికల్లో, అంటే పై అధికారి కింది ఉద్యోగి పనిని ఏటా అంచనా కట్టి రాసి ఆ ఉద్యోగికి చూపకుండా అప్పట్లో భద్రపరిచిన పత్రాల్లో, 'చాలా బాగు' అన్న స్థాయి తప్పనిసరి. నాలుగేళ్లు ఆ స్థాయి వచ్చింది. 1993-94కు మాత్రం 'బాగు' అని నమోదైంది. అది నింద కాదు కనుక తెలియజేయవలసిన అవసరం లేదని శాఖ భావించింది. కోర్టు ఆ వాదనను అంగీకరించలేదు. మనిషి ఎదుగుదలకు అడ్డుపడే వ్యాఖ్య పైకి ప్రశంసలా కనిపించినా ఫలితంలో అది ప్రతికూల వ్యాఖ్యే అవుతుందనీ, దాన్ని తెలియజేయకపోతే తప్పు దిద్దుకునే అవకాశమూ, అంచనాను ప్రశ్నించే అవకాశమూ రెండూ పోతాయనీ, అందువల్ల ఆ మౌనం రాజ్యాంగంలోని 14వ అధికరణం హామీ ఇచ్చిన సమానత్వానికి విరుద్ధమనీ తీర్పు చెప్పింది. 2013లో సుఖ్‌దేవ్ సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇదే సూత్రాన్ని స్థిరపరిచింది. తన పని గురించి అధికారి నిజంగా ఏమనుకుంటున్నాడో తెలుసుకోవడం ఉద్యోగికి అధికారి దయ తలచి ఇచ్చే కానుక కాదని, అది హక్కు అని ఈ తీర్పుల సారాంశం.

ప్రైవేటు కార్యాలయాలకు ఈ తీర్పులు నేరుగా వర్తించకపోయినా, అవి బయటపెట్టిన యంత్రాంగం అక్కడ ఏటా అప్రైజల్ కాలంలో నడుస్తూనే ఉంటుంది. ఒక స్త్రీ రాసిన ప్రోగ్రాము డిజైనులో లోపం ఉందని టీమ్ లీడ్‌కు తెలుసు. తోటి పురుషుడైతే అదే రోజు సాయంత్రం కుర్చీ దగ్గరకు లాక్కుని 'ఇది ఇలా పనికిరాదు' అని చెప్పేసేవాడు. ఆమె విషయంలో మాత్రం 'మొత్తం మీద బాగుంది' అని రాసి, లోపాన్ని తానే సరిచేసి పంపిస్తాడు. రెండేళ్ల తర్వాత ప్రమోషన్ చర్చలో 'ఆమె ఇంకా సిద్ధంగా లేరు' అన్న మాట వస్తుంది, అప్పుడు చెప్పేది కూడా అతనే. ఏ విషయంలో సిద్ధంగా లేరో, ఎప్పటి నుంచి లేరో ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు కనుక ఆమె ముందు మిగిలేది రెండే ఊహలు: తనలో పేరు తెలియని లోపమేదో ఉందని అనుకోవడం, లేదా స్త్రీ కావడమే కారణమని అనుకోవడం. పురుషాహంకారి అన్న ముద్రకు భయపడి మౌనం వహించిన అధికారి, ఆ మౌనంతోనే ఆ అనుమానానికి గట్టి ఆధారం సమకూర్చి పెడతాడు.

నిజమైన అంచనా అందని స్త్రీలకు చివరికి ఏమి జరుగుతుందో సైన్యం తాలూకు ఒక తీర్పు సవివరంగా చూపింది. షార్ట్ సర్వీస్ కమిషన్ మీద చేరిన మహిళా అధికారులకు పర్మనెంట్ కమిషన్, అంటే పదవీ విరమణ వయసు దాకా సైన్యంలో కొనసాగే అవకాశం, ఇవ్వాలని 2020 ఫిబ్రవరి 17న బబితా పునియా కేసులో సుప్రీం కోర్టు ఆదేశించింది. ఆ తర్వాత సైన్యం ప్రత్యేక ఎంపిక బోర్డును ఏర్పాటు చేసి, వారి సర్వీసు తొలి సంవత్సరాల నాటి రహస్య నివేదికలను ఆధారంగా తీసుకుని అర్హతలు తేల్చింది; చాలామందికి అవకాశం దక్కలేదు. 2021 మార్చి 25న లెఫ్టినెంట్ కల్నల్ నితీషా కేసులో జస్టిస్ డి.వై. చంద్రచూడ్ రాసిన తీర్పు ఆ నివేదికల పుట్టుకనే పరిశీలించింది. అవి రాసిన కాలంలో ఆ స్త్రీలకు పర్మనెంట్ కమిషన్ దారి మూసి ఉంది కనుక, రాసిన అధికారులు వాటిని ఒక మనిషి భవిష్యత్తును నిర్ణయించే పత్రాలుగా చూడలేదనీ, యథాలాపంగా నింపేశారనీ, ఆ తర్వాతి ఏళ్లలో ఆ అధికారిణులు సాధించినదాన్ని లెక్కలోకి తీసుకోకుండా అలాంటి పత్రాలతో వారిని పురుషుల పక్కన నిలబెట్టి కొలవడం పరోక్ష వివక్ష అనీ కోర్టు తేల్చింది. నియమం పైకి అందరికీ ఒక్కటిగానే ఉన్నా, గతం కారణంగా దాని భారం ఒక వర్గం మీదే ఎక్కువగా పడితే దాన్ని పరోక్ష వివక్ష అంటారు. సైన్యంలో ఆ నిర్లక్ష్యానికి కారణం భయం కాదు, ఆ స్త్రీలు ఎలాగూ ఉండిపోయేవారు కారన్న భావం. కాని పర్యవసానంలో తేడా లేదు. ఎదుటి మనిషి పనిని శ్రద్ధగా తూచి, తూచినది తూచినట్టు చెప్పవలసిన బాధ్యతను ఎవరో ఎప్పుడో వదిలేశారు, దాని మూల్యం ఏళ్ల తర్వాత ఆ స్త్రీలు చెల్లించవలసి వచ్చింది.

విజ్ఞాన శాస్త్రంలో నష్టం ఇంకా లోతైనది, ఎందుకంటే అక్కడ విమర్శ పని ముగిశాక వచ్చే వ్యాఖ్య కాదు, పని జరిగే పద్ధతే అది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో చేరడానికి 1933లో కమలా భాగవత్, తర్వాతి కాలపు కమలా సోహోనీ, దరఖాస్తు చేసినప్పుడు సంస్థ డైరెక్టరు సి.వి. రామన్ మొదట నిరాకరించి, ఆమె పట్టు వదలకపోవడంతో తొలి ఏడాది పరీక్షాకాలంగా ఉండాలన్న షరతు మీద చేర్చుకున్నారు. ఈ ఘట్టం ప్రసిద్ధమే. దాని కంటే తక్కువగా చర్చకు వచ్చినది, రామన్ ప్రయోగశాలలో 1940ల్లో వజ్రాల కాంతి గుణాల మీద పనిచేసిన అన్నా మణి అనుభవం. చరిత్రకారిణి ఆభా సుర్ ఆమెతో మాట్లాడి నమోదు చేసినదాని ప్రకారం, ఆ ప్రయోగశాలలో స్త్రీ పురుషుల కలివిడిని రామన్ ఇష్టపడేవారు కాదు, ఫలితంగా తోటి పురుష పరిశోధకులు తమలో తాము జరుపుకునే శాస్త్ర చర్చలకు స్త్రీలు దూరమయ్యారు. కొలతలు తీయడానికి ఆమెకు అడ్డు లేదు. ఆ కొలతల అర్థం మీద ఎదురుగా నిలబడి 'ఈ వివరణ నిలవదు' అని ఒక సహచరుడు అంటే, దానికి జవాబు చెప్పే క్రమంలో ఆలోచన పదునెక్కే ఆ వాతావరణం ఆమెకు అందలేదు. నేడు విద్యార్థిని థీసిస్ అధ్యాయాన్ని ఎర్ర సిరా పెట్టకుండా తిరిగి ఇచ్చే పర్యవేక్షకుడు ఉద్దేశంలో రామన్ వంటివాడు కాకపోవచ్చు గాని, ఆ విద్యార్థినికి మిగిల్చేది మాత్రం అదే వెలితి.

పురుషాహంకారి అనిపించుకుంటామేమోనన్న భయం నిజంగా ఎవరిని కాపాడుతుందన్న ప్రశ్నకు మనోవిజ్ఞాన పరిశోధన స్పష్టమైన సమాధానం ఇచ్చింది. కెంట్ హార్బర్ అమెరికాలో 1998లో ప్రచురించిన ప్రయోగంలో, నాసిరకంగా రాసిన వ్యాసాలను శ్వేతజాతి విద్యార్థుల చేతికిచ్చి రచయితకు సలహాలు రాయమన్నారు. రాసినవారు నల్లజాతి విద్యార్థి అని తెలిసినప్పుడు వ్యాసంలోని ఆలోచనల గురించి సలహాలు మెత్తబడ్డాయి. వ్యాకరణ దోషాల విషయంలో మాత్రం తేడా రాలేదు. ఈ చివరి అంశం ఎంతో విలువైనది. ఒప్పో తప్పో తేల్చే స్థిరమైన నియమం ఉన్నచోట విమర్శకుడికి భయం లేదు, సొంత తీర్పు మీద ఆధారపడవలసిన చోట మాత్రమే అతను వెనక్కి తగ్గాడు. హార్బర్ బృందం 2010లో ఇంకో అడుగు ముందుకు వేసి, తాము పక్షపాతం లేనివారమన్న ఆత్మవిశ్వాసం కదిలినవారిలోనే ఈ మెత్తదనం ఎక్కువగా కనిపిస్తుందని చూపింది. లిలీ జంపోల్, వివియన్ జయాస్ స్త్రీల విషయంలో ఇదే ధోరణిని పరీక్షించారు. వ్యాసకర్త ఎవరో తెలియనప్పుడు తక్కువ మార్కు వేసినవారు, రాసింది స్త్రీ అని తెలిసి ఆమెకే నేరుగా అభిప్రాయం చెప్పవలసి వచ్చినప్పుడు తమ మొదటి అంచనాను పెంచి చెప్పారు. పురుషుడికి అలా పెంచలేదు. మనసులోని తీర్పు మారలేదు, నోటితో చెప్పింది మారింది. కాబట్టి ఈ సంకోచాన్ని స్త్రీల పట్ల సున్నితత్వంగా వర్ణించడం సరికాదు. తన దృష్టిలో తాను మంచివాడిగా మిగలాలన్న కోరికే అందులో ప్రధానం, దానికి అయ్యే ఖర్చు మాత్రం ఎదుటి మనిషి ఖాతాలో పడుతుంది.

పీటర్ గ్లిక్, సుసాన్ ఫిస్క్ 1996లో ప్రతిపాదించిన ఒక విభజన ఇక్కడ ఉపయోగపడుతుంది. స్త్రీ పట్ల వివక్ష రెండు రూపాల్లో ఉంటుందని వారు చెప్పారు. మొదటిది శత్రుభావంతో కూడినది, అందరికీ తెలిసినది. రెండోది ఆదరం వేషం వేసుకున్నది: స్త్రీ కోమలమైనది కనుక ఆమెను కాపాడాలి, కష్టం తెలియనివ్వకూడదు అనే భావన. ఈ రెండో రూపం మన సంస్కృతిలో ఎంత లోతుగా ఉందో వేరే చెప్పనక్కరలేదు; ఆడపిల్ల కంట తడి పెట్టకూడదన్న మాట ఇళ్లలో ప్రేమగా పలికే మాటే. కానీ అదే మాటను కార్యాలయంలోకి తెచ్చి, ముప్ఫై ఏళ్లు దాటిన ఇంజనీరుకో, శస్త్రవైద్యురాలికో, న్యాయవాదికో వర్తింపజేయడం అంటే ఆమెను బాధ్యత మోయగల వయోజనురాలిగా గుర్తించకపోవడమే. వివక్ష చేస్తానేమోనని భయపడి విమర్శ మానుకున్న వ్యక్తి వివక్షను తప్పించుకోలేదు, ఒక రూపాన్ని వదిలి ఇంకో రూపాన్ని ఎంచుకున్నాడు.

భయానికి మూలం చట్టమేనని చెప్పేవారు ఆ చట్టాన్ని చదివినట్టు కనిపించదు. 1997 నాటి సుప్రీం కోర్టు విశాఖ తీర్పులోని మార్గదర్శకాల ఆధారంగా వచ్చిన 2013 నాటి పనిప్రదేశంలో లైంగిక వేధింపుల నిరోధక చట్టం, లైంగిక వేధింపు అంటే ఏమిటో స్పష్టంగా చెప్పింది: అవాంఛిత శారీరక స్పర్శ, లైంగిక ప్రతిఫలం అడగడం, లైంగిక ధ్వనితో కూడిన వ్యాఖ్యలు, అశ్లీల చిత్రాలు చూపడం, లైంగిక స్వభావం గల ఇతర అవాంఛిత ప్రవర్తన. ఉద్యోగంలో చెరుపు చేస్తానన్న బెదిరింపు, భయపెట్టే వాతావరణం కల్పించడం వంటివి కూడా అందులో ఉన్నాయి గాని, అవి లైంగిక ప్రవర్తనతో ముడిపడినప్పుడే ఆ చట్టం కిందికి వస్తాయి. నివేదికలో లెక్క తప్పిందని చెప్పడం, ప్రయోగానికి నియంత్రణ నమూనా లేదని అడగడం, గడువు దాటిందని మందలించడం ఈ నిర్వచనంలో ఎక్కడా ఇమడవు. పై అధికారి దురుసు భాష వాడాడన్న ఆరోపణ ఒక్కటే ఈ చట్టం కింద నేరం కాజాలదని మద్రాసు హైకోర్టు 2020లో చెప్పింది కూడా. దురుసుతనం అందువల్ల మంచిదైపోదు. దాన్ని సరిదిద్దడానికి వేరే నియమాలు ఉన్నాయి. ఇక్కడ గ్రహించవలసినది ఇంతే: పని మీద విమర్శను నేరంగా చూసే చట్టం ఈ దేశంలో లేదు, ఉందన్న పుకారు మాత్రం విస్తృతంగా ఉంది, ఆ పుకారు చాలామందికి అనుకూలంగా కూడా ఉంది, ఎందుకంటే కష్టమైన సంభాషణను తప్పించుకోవడానికి అంతకంటే గౌరవప్రదమైన సాకు దొరకదు.

అయితే మాట తగ్గించుకోవడమే మేలన్న వాదంలో ఒక నిజం ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. విమర్శ విన్న స్త్రీ కొన్నిసార్లు దాన్ని అనుమానిస్తుంది. ఆ అనుమానాన్ని అతిసున్నితత్వం అని కొట్టిపారేసేవారు, స్త్రీలకు విమర్శ పేరుతో ఇంతకాలం అందినది ఏమిటో గుర్తు చేసుకోవాలి. అమెరికాలోని ప్రైస్ వాటర్‌హౌస్ సంస్థలో 1982లో భాగస్వామి హోదాకు ప్రతిపాదించిన 88 మందిలో ఆన్ హాప్కిన్స్ ఒక్కతే స్త్రీ. సంస్థకు సుమారు రెండున్నర కోట్ల డాలర్ల ప్రభుత్వ కాంట్రాక్టు రావడంలో ఆమె పాత్ర పెద్దది. కింది ఉద్యోగులతో ఆమె కటువుగా ఉంటుందన్న ఫిర్యాదు ఉన్నమాట నిజమే, అది పరిశీలించదగిన విమర్శే. కానీ ఆమెకు అందిన సలహా ఇంకొకటి: నడకలో, మాటలో, బట్టల్లో మరింత ఆడతనం చూపమన్నారు, అలంకరణ చేసుకొమ్మన్నారు, నగలు పెట్టుకొమ్మన్నారు. 1989లో అమెరికా సుప్రీం కోర్టు, స్త్రీ ఎలా ఉండాలన్న మూస భావనతో చేసే ఇటువంటి అంచనా వివక్షేనని చెప్పింది. షెల్లీ కొరెల్, కరొలిన్ సిమార్డ్ 2016లో ప్రచురించిన సాంకేతిక రంగ పరిశీలనలో, మరీ దూకుడుగా మాట్లాడతారన్న వ్యాఖ్యల్లో 76 శాతం స్త్రీల సమీక్షల్లోనే కనిపించాయి; మరోవైపు, పని ఫలితాలతో ముడిపడిన నిర్దిష్టమైన సూచనలు వారికి పురుషుల కంటే తక్కువగా అందాయి. ఈ రెంటినీ కలిపి చూస్తే అసలు చిత్రం తెలుస్తుంది. స్త్రీలకు విమర్శ కరువు కాలేదు. వారి స్వభావం మీద, గొంతు మీద, చిరునవ్వు మీద, కట్టూబొట్టూ మీద ధారాళంగా అందింది. పని మీద మాత్రమే కరువైంది. స్వభావం మీద వ్యాఖ్యలు విని విని అలసిన మనిషి పని మీద వ్యాఖ్యను కూడా ఒక క్షణం అనుమానంతో వింటే అందులో ఆమె తప్పు వెతకడం అన్యాయం.

ఆ అనుమానాన్ని తొలగించే మార్గం మౌనమూ కాదు, పొగడ్తతో పూత పూయడమూ కాదని జెఫ్రీ కోహెన్, క్లాడ్ స్టీల్, లీ రాస్ 1999లో ప్రచురించిన స్టాన్‌ఫర్డ్ ప్రయోగం చూపింది. నల్లజాతి విద్యార్థుల వ్యాసాలను కేవలం విమర్శించినప్పుడు వారు విమర్శకుడి నిష్పాక్షికతను శంకించారు, ఉత్సాహం కోల్పోయారు. విమర్శకు ముందు నాలుగు మంచి మాటలు చేర్చినా అది పూర్తిగా నయం కాలేదు. తన ప్రమాణం ఉన్నతమైనదనీ, ఆ ప్రమాణాన్ని ఈ విద్యార్థి అందుకోగలడన్న నమ్మకం తనకు ఉందనీ రెండు విషయాలూ చెప్పి, ఆ తర్వాత లోపాలన్నింటినీ తగ్గించకుండా చూపినప్పుడు మాత్రం ఆ శంక పోయింది, తిరగరాయాలన్న పట్టుదల పెరిగింది. పరిశోధన జరిగింది జాతి విషయంలోనే అయినా, తన వర్గం గురించి తక్కువ అభిప్రాయం ఉందేమోనన్న శంకతో విమర్శను వినవలసి వచ్చే ప్రతి ఒక్కరికీ ఇందులోని తర్కం వర్తిస్తుంది. మన సంగీత గురువులు, నాట్య గురువులు శిష్యురాళ్లకు తరతరాలుగా చేస్తున్నది ఇదే. స్వరం తప్పితే పాఠం అక్కడే ఆపి, పదిసార్లైనా పాడించి సరిచేసే గురువును ఆ శిష్యురాలు స్త్రీ వ్యతిరేకిగా భావించదు, ఎందుకంటే ఆమె పాడగలదన్న నమ్మకం లేకపోతే ఆయన అంత శ్రమ పడడని ఆమెకు తెలుసు.

అబద్ధపు ఆరోపణ ఒక్కటి వచ్చినా జీవితకాలపు పేరు పోతుంది కదా అన్న ప్రశ్న మిగులుతుంది. ఆ ఆందోళనను హేళన చేయనక్కరలేదు. కానీ దానికి విరుగుడుగా మౌనాన్ని సూచించేవారు ఆచరణలో కూడా తప్పుడు సలహా ఇస్తున్నారు. ఏళ్ల తరబడి 'బాగుంది' అని రాసి ఉన్న ఫైలు, చివర్లో కారణం చెప్పని ఒక నిరాకరణ, ఈ రెండూ పక్కపక్కన ఉన్నప్పుడు ఏ విచారణ సంఘానికైనా, ఏ న్యాయస్థానానికైనా వివక్ష అనుమానమే ముందు కలుగుతుంది. ఏ తేదీన, ఏ పనిలో, ఏ లోపం కనిపించింది, ఏమి మార్చమని చెప్పారు, ఆమె దానికి ఏమి సమాధానం ఇచ్చారు అన్న నమోదు, అదే బృందంలోని పురుషులకు కూడా అదే కొలతతో రాసిన నమోదులతో పాటు ఉన్న అధికారికి అంతకు మించిన రక్షణ ఇంకొకటి లేదు. హార్బర్ ప్రయోగంలో వ్యాకరణ దోషాల దగ్గర ఎవరూ వెనుకాడలేదన్న సంగతిని సంస్థలు ఇక్కడే వాడుకోవాలి: మంచి డిజైను అంటే ఏమిటి, మంచి అధ్యాయం అంటే ఏమిటి, మంచి వాదన అంటే ఏమిటి అన్నది ముందుగానే రాసి అందరి ముందూ పెట్టాలి, అప్రైజల్ పత్రంలో పని ప్రస్తావన లేని వాక్యాన్ని, అది ప్రశంస అయినా నింద అయినా, వెనక్కి పంపాలి, సంవత్సరం చివర ఒకసారి కాకుండా పని ముగిసిన వారంలోనే మాట్లాడటం మేనేజర్ బాధ్యతల్లో భాగం చేయాలి, ఒక బృందంలో పురుషులకు నాలుగు పేజీల సూచనలూ స్త్రీలకు నాలుగు వాక్యాల మెప్పూ అందుతున్నట్టు తేలితే ఆ తేడాకు ఆ మేనేజర్ నుంచి లిఖితపూర్వకంగా వివరణ అడగాలి.